రాజపాళయం అమ్మానాన్నలకు తలకిందుల సలహాలు

ఈ సలహాలు పాటిస్తే ఇంట్లో పెద్దవాళ్ళు కోప్పడతారు, పక్కింటివాళ్ళు జాలిపడతారు. మూడేళ్ళ మనవరాలి చేత ఇంగ్లీషు రైములు చెప్పించి, వీడియో తీసి కుటుంబం గ్రూపులో పెట్టే పెద్దమ్మ "ఏమ్మా, మీ పిల్లకి ఇంకా ఏ బీ సీ డీలు కూడా రాలేదా?" అని అడిగే తీరుతుంది. అడగనివ్వండి. పిల్లని బడికి సిద్ధం చేయడమంటే బడిని రెండేళ్ళు ముందుగా ఇంట్లోకి తెచ్చిపెట్టడమని మనకి నూరిపోశారు. దాని ఫలితంగా ఒకటో తరగతికి చేరేసరికే పిల్లలు చదువంటే మొహం తిప్పుకుంటున్నారు. అందుకే ఇప్పుడు చెలామణిలో ఉన్న సలహాలకి ఎదురు సలహాలు రాస్తున్నాను. చదివినవాళ్ళకి ఇవి పెడసరంగా అనిపించవచ్చు. నేను మాత్రం ప్రతిదీ మనస్ఫూర్తిగానే చెబుతున్నాను.

రాజపాళయం వాళ్ళకే రాయడానికి కారణం ఉంది. పడమటి కనుమల కింద, మదురై నుంచి తెన్‌కాశి వెళ్ళే దారిలో ఉన్న ఈ ఊళ్ళో, శతాబ్దాల కిందట తెలుగునేల నుంచి దిగివచ్చిన రాజుల కుటుంబాలు ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాయి. చదవడం, రాయడం మాత్రం తమిళంలోనే. గడప దాటితే తమిళం, బడి మెట్లెక్కితే ఇంగ్లీషు. పైగా ఇది మిల్లుల ఊరు. 1936లో పి.ఏ.సి. రామసామి రాజా రాజపాళయం మిల్స్ పెట్టిన తర్వాత ఊరు నూలు చుట్టూ పెరిగింది. దగ్గర్లోని ఛత్రపట్టిలో ఆస్పత్రులకి వెళ్ళే బ్యాండేజీ గుడ్డ నేస్తారు. షిఫ్టులూ మగ్గాలూ నడిపే ఇళ్ళలో, మూడు భాషల మధ్య పెరిగే మూడేళ్ళ పిల్లకి ఎక్కడో ఢిల్లీలోనో చెన్నైలోనో అచ్చువేసిన వర్క్‌బుక్కు పనికిరాదు.

పెన్సిలు దాచేయండి

విజయదశమి నాడు పళ్ళెంలో బియ్యం పోసి, పిల్ల వేలు పట్టుకుని అక్షరం దిద్దించండి. అది పండుగ, తప్పకుండా చేసుకోవాల్సిందే. మర్నాటి నుంచి మాత్రం పెన్సిలు బీరువాలో పెట్టేయండి. నాలుగు గీతల నోట్సూ, చుక్కలు కలిపే పుస్తకాలూ కొనకండి.

పుట్టిన బిడ్డ మణికట్టులో గట్టి ఎముక ఒక్కటీ ఉండదు. పెద్దయ్యాక అక్కడ ఉండే ఎనిమిది చిన్న ఎముకలూ అప్పటికి మెత్తటి మృదులాస్థే. మూడేళ్ళు నిండేసరికి వాటిలో రెండో మూడో గట్టిపడతాయి. ఆరేడేళ్ళకి ఏడు తయారవుతాయి. చివరిది ఇంకా ఆలస్యంగా, తొమ్మిదో ఏడు దాటాక మొదలవుతుంది. అలాంటి చేతికి పెన్సిలిచ్చి గీత మీద నిలబెట్టి రాయమంటే, పిల్ల పెన్సిల్ని పిడికిట్లో బిగిస్తుంది, భుజం ఎత్తి బలం పెడుతుంది, పది నిమిషాల్లో చెయ్యి నొప్పంటుంది. మనమేమో బద్ధకం అంటాం.

చేతికి పని పెట్టాలంటే మన వాకిలే ఉంది. పొద్దున్నే వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లాక ముగ్గుపిండి గిన్నె పిల్ల చేతికి ఇవ్వండి. మొదట్లో ఆమె పిడికెడు పిండి తీసి ఒకేచోట కుప్ప పోస్తుంది. తిట్టకండి. మీరు బొటనవేలూ చూపుడువేలూ మధ్యవేలూ కలిపి చిటికెడు పిండి తీసి, చుక్కకీ చుక్కకీ జానెడు దూరం వదిలి పెడుతుంటే ఆమె మీ వేళ్ళనే చూస్తూ ఉంటుంది. కొన్నాళ్ళకి కుప్ప చిన్నదవుతుంది, ఆపైన చుక్క అవుతుంది. ఒకరోజు రెండు చుక్కల మధ్య పిండి జారుస్తూ గీత లాగుతుంది. ఆ గీత వంకర పోతే కాలితో తుడిచేసి మళ్ళీ వేస్తుంది, ఎరేజరు అడగదు. ఆ మూడు వేళ్ళ పట్టే రేపు పెన్సిలు పట్టు. ఎడమ నుంచి కుడికి వెళ్ళడం, వరసలో ఎన్ని చుక్కలున్నాయో చూసుకోవడం, తర్వాతి వరసలో చుక్క ఎక్కడ పడాలో అంచనా కట్టడం, ఇవన్నీ ఆ వాకిట్లోనే వచ్చేస్తాయి. చపాతీ పిండి ముద్దలు చేయించడం, మురుకుల గొట్టం తిప్పించడం, పూలు దారంతో కట్టించడం కూడా ఇలాంటి పనులే. బఠాణీలు ఒలిపించడం వీటన్నిటికన్నా సులువు. ఐదో ఏడు నడుస్తుండగా పిల్ల తానే వచ్చి "నా పేరు ఎలా రాయాలి?" అని అడిగితే, అప్పుడు బీరువా తెరవండి.

ఇంట్లో ఇంగ్లీషు వద్దు

ఇది చెబితే చాలామందికి నచ్చదు, తెలుసు. ఎల్కేజీలో ఇంగ్లీషు మాట్లాడతారు కాబట్టి ఇంట్లో ఇప్పట్నుంచే "కమ్, ఈట్, సిట్, గో" మొదలుపెట్టమని సలహా ఇస్తారు. ఆ సలహా విన్న ఇంట్లో ఏం జరుగుతుందో గమనించండి. తల్లికి వచ్చిన ఇంగ్లీషు ఒక యాభై మాటలు. పిల్లతో రోజంతా ఆ యాభై మాటలే మాట్లాడుతుంది. అదే తల్లి తెలుగులో అయితే, ఎదురింటి ఆవిడ ఎందుకు అలిగిందో, అయ్యనార్ జలపాతానికి వెళ్ళిన రోజు ఎవరు జారిపడ్డారో, పప్పులో ఇంగువ ఆఖర్న ఎందుకు వేస్తారో చెబుతుంది. కారణాలూ, ముందువెనకలూ, పోలికలూ, "ఒకవేళ" అనడమూ పిల్ల ఈ కబుర్లలోనే వింటుంది. చదివింది అర్థం కావడానికి రేపు బడిలో కావలసింది ఈ సామానే. అక్షరాలు గుర్తుపట్టడం వేరు, వాక్యం చదివి దాని వెనకున్న సంగతి పట్టుకోవడం వేరు. ఆ రెండోది మాటల నుంచే వస్తుంది. పిల్లకి బాగా తెలిసిన భాషలో మొదలుపెట్టడమే మంచిదని యునెస్కో 1953లోనే చెప్పింది.

ఇది ఒక్క రాజుల ఇళ్ళ సంగతే కాదు. ఈ విరుదునగర్ జిల్లాలో నాయకర్ల ఇళ్ళలో, అరుంధతియర్ల ఇళ్ళలో కూడా తెలుగు మాట్లాడతారు. ఆ పిల్లలూ అదే బాల్వాడిలో (అంగన్‌వాడీలో) అదే చాప మీద కూర్చుంటారు. వాళ్ళ తెలుగుని ఎవరైనా వెక్కిరిస్తే, మన పిల్ల తెలుగుని వెక్కిరించినంత కోపం మనకి రావాలి.

తమిళం సంగతేమిటంటారా? తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి. అది కష్టమేమీ కాదు. వీధి నేర్పుతుంది, వీధిలోకి వదలండి. బాల్వాడికో నర్సరీకో పంపేముందు మాత్రం అవసరం పడే నాలుగు మాటలు తమిళంలో పలకడం అలవాటు చేయండి: తణ్ణి, పసిక్కుదు, వలిక్కుదు, వేణాం. దాహమేస్తుందని, ఆకలేస్తుందని, నొప్పెడుతుందని, నాకొద్దని చెప్పుకోగలిగిన పిల్ల కొత్తచోట భయపడదు. అక్షరాలు మొదలయ్యాక ఇంకో చిక్కు వస్తుంది. తెలుగింటి పిల్ల చెవి "క"నీ "గ"నీ వేరువేరుగా వింటుంది, తమిళ లిపిలో రెండిటికీ ఒకే అక్షరం. పిల్ల తడబడితే అది మందబుద్ధి కాదు, చెవి బాగా పనిచేస్తోందని అర్థం. టీచర్‌కి ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

లెక్కలు చెప్పకండి, గింజలు పంచండి

వంద వరకూ అంకెలు అప్పజెప్పే నాలుగేళ్ళ పిల్లలున్నారు. వాళ్ళ ముందు ఏడు చింతగింజలు పోసి ఐదు ఇమ్మంటే గుప్పెట్లో పట్టినన్ని ఇస్తారు. అప్పజెప్పడం పాట లాంటిది, లెక్కపెట్టడం వేరే విద్య.

మన ఇళ్ళలో ఆ విద్యకి పీట ఉంది. తమిళులు పల్లాంగుళి అంటారు, మనం వామనగుంటలు అంటాం. రెండు వరసలు, వరసకి ఏడు గుంటలు. అటకమీద ఉంటే దించండి. అమ్మమ్మా మనవరాలూ ఎదురెదురుగా కూర్చున్నప్పుడు మనవరాలి చేతినే చూడండి. ఒక గుంటలో నాలుగు గింజలు తీస్తుంది. "ఒకటి రెండు మూడు నాలుగు" అని నోరు పరుగెడుతుంది, చెయ్యి ఇంకా రెండో గుంట దగ్గరే ఉంటుంది. నోట్లో లెక్క అయిపోయింది, గుప్పెట్లో గింజలు మిగిలాయి. పిల్ల ఆగిపోయి గుప్పెట విప్పి చూసుకుంటుంది. తెలివైన అమ్మమ్మ అక్కడ మాట్లాడదు. మళ్ళీ ఆట తన వంతుకి వచ్చినప్పుడు, గింజ గుంటలో పడ్డాకే అంకె పలుకుతూ, నెమ్మదిగా పంచుతుంది. ఒక గింజ, ఒక గుంట, ఒక అంకె. మనవరాలి నోరూ చెయ్యీ ఒకదానికోసం ఒకటి ఆగడం నేర్చుకోవడానికి కొన్ని మధ్యాహ్నాలు పడుతుంది. అది వచ్చిన రోజు ఆ పిల్లకి లెక్కలు మొదలైనట్టు.

వైకుంఠపాళి ఇంకో మంచి ఆట. అమెరికాలో సీగ్లర్, రమణి అనే ఇద్దరు పరిశోధకులు 2008లో ప్రచురించిన పనిలో, పేదింటి చిన్నపిల్లల చేత ఒకటి నుంచి పది వరకూ వరసగా గళ్ళున్న బోర్డు ఆట ఆడించారు. ఆడించింది రెండు వారాల్లో నాలుగుసార్లు, ఒక్కోసారి పావుగంట. అంతమాత్రానికే ఏ అంకె పెద్దది, ఏది ఎంత దూరంలో ఉంది అన్న అవగాహన ఆ పిల్లల్లో బాగా పెరిగింది. అంకెలకి బదులు రంగులున్న బోర్డుతో ఆడిన పిల్లల్లో ఆ పెరుగుదల లేదు. ముక్కోటి ఏకాదశి రాత్రి జాగారానికి ఆ వైకుంఠపాళినే, పరమపదం పటం పేరుతో, పరిచే ఊరు మనది. ఏడాదికొక రాత్రి ఎందుకు, రోజూ సాయంత్రం పరవండి. ఆటలో పిల్లని ప్రతిసారీ గెలిపించకండి. పాము మింగినప్పుడు ఏడవనివ్వండి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ పాచిక వేయనివ్వండి. తన వంతు వచ్చేదాకా కూర్చోగలగడం, ఓడినా ఆట వదలకపోవడం ఒకటో తరగతి టీచర్ అన్నిటికన్నా ముందు కోరుకునేవి.

ఆలస్యమైతే అవనివ్వండి

పొద్దున ఎనిమిదింటికి బస్సు పట్టుకోవాలి, పిల్ల గుండీ పెట్టుకోవడానికి ఐదు నిమిషాలు తీసుకుంటోంది. మీరు వంగి రెండు సెకన్లలో పెట్టేస్తారు. ఆ పని చేయకండి, అరగంట ముందు నిద్రలేపండి. గుండీ, చెప్పు, టిఫిన్ డబ్బా మూత, నీళ్ళ సీసా, దొడ్డికెళ్ళి కడుక్కోవడం. ఈ ఐదూ తనకు తాను చేసుకోగలిగిన పిల్ల, యాభై రైములు వచ్చినా వీటికి చేయి చాపే పిల్ల కన్నా బడికి ఎక్కువ సిద్ధంగా ఉన్నట్టు. ముప్పైమంది పిల్లల తరగతిలో మూత రాని డబ్బాతో కూర్చున్న పిల్ల ఆకలితో ఉండిపోతుంది, మధ్యాహ్నమంతా ఏ మాటా చెవికెక్కదు.

గుండీలు పెట్టడం, నీళ్ళు ఒంపడం పాఠాలే అని మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో తన మొదటి పిల్లల ఇంటి దగ్గర్నుంచి చూపిస్తూ వచ్చింది. ఆమెకీ తమిళనేలకీ దగ్గర సంబంధం ఉంది. 1939 నవంబరులో మద్రాసు అడయార్‌లోని దివ్యజ్ఞాన సమాజానికి వచ్చి, మూడువందలమందికి పైగా టీచర్లకి శిక్షణనిచ్చింది. యుద్ధం వల్ల ఇటలీ దేశస్థురాలిగా ఇక్కడే చిక్కుబడిపోయి, 1942 నుంచి 1944 దాకా కొడైకెనాల్‌లో గడిపింది. ఇప్పుడు ఆమె పేరు లేని ఊరు లేదు, బోర్డు మీద. లోపలికి వెళ్ళి చూస్తే మూడేళ్ళ పిల్లలు బల్లల మీద చేతులు కట్టుకుని కూర్చుని ఉంటారు. బోర్డు చూసి చేర్పించకండి.

పేరున్న బడి వెతకడం మానేయండి

అన్నిటికన్నా ఎక్కువ తిట్లు తినే సలహా ఇది. మీ వీధి బాల్వాడికి వెళ్ళి ఒక పొద్దంతా కూర్చోండి. ఫీజు కట్టే స్తోమత ఉన్నా సరే, ముందు అది చూడండి.

మన రాష్ట్రానికి ఈ విషయంలో చరిత్ర ఉంది. బడిలో అన్నం పెట్టి పిల్లల్ని రప్పించిన కామరాజ్ ఈ జిల్లా మనిషే, విరుదునగర్‌లో 1903లో పుట్టాడు. 1975 అక్టోబరు 2న కేంద్రం అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం మొదలుపెట్టింది. 1982 జులై 1న ముఖ్యమంత్రి ఎంజీఆర్ సత్తుణవు (పోషకాహార) పథకం మొదలైనప్పుడు బడిపిల్లలతో పాటు బాల్వాడి పసివాళ్ళకీ వేడి అన్నం వచ్చింది. 2019 జనవరిలో ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల ఆవరణల్లో ఉన్న 2,381 అంగన్‌వాడీల్లో ఎల్కేజీ, యూకేజీ తరగతులు తెరిచారు. అన్నం, గుడ్డు, సత్తుమావు (పోషక పిండి), టీకాలు ఇవన్నీ బాల్వాడి బాగానే చూసుకుంటుంది. లోపించేది ఒకటే: ఉన్న ఒక్క టీచరమ్మకి రిజిస్టర్లు రాయడం, బరువులు తూచడం, సర్వేలకి తిరగడం పోను పిల్లలతో కూర్చునే సమయం.

ఆ సమయం దొరికితే ఏమవుతుందో ఇదే తమిళనాడులో తేలింది. కార్తీక్ మురళీధరన్, అలెహాండ్రో గనిమియన్, క్రిస్టఫర్ వాల్టర్స్ అనే పరిశోధకులు 320 అంగన్‌వాడీలు తీసుకుని, లాటరీ పద్ధతిలో ఎంచిన కొన్నిటికి పూటపని చేసే ఇంకో మనిషిని అదనంగా ఇప్పించారు. ఆమె పని పిల్లలకి నేర్పడమే. ఏడాదిన్నర తర్వాత చూస్తే ఆ కేంద్రాల్లో నేర్పే సమయం రెట్టింపైంది, భాషలోనూ లెక్కల్లోనూ పిల్లలు మిగతా కేంద్రాల వాళ్ళని స్పష్టంగా దాటిపోయారు. ఎదుగుదల కుంటుపడిన పిల్లల సంఖ్య కూడా తగ్గింది. కారణం, అక్షరాల పని ఒకరు చూసుకుంటే, మొదటి టీచరమ్మకి బరువూ తిండీ ఆరోగ్యం చూడటానికి తీరిక చిక్కింది. మేడలు కట్టలేదు, ట్యాబులు పంచలేదు, ఒక మనిషిని పెట్టారంతే. నాకు ఇంతకన్నా ఆశ కలిగించే సంగతి ఈ మధ్యకాలంలో తగల్లేదు. మన కౌన్సిలర్నీ ఎమ్మెల్యేనీ రోడ్ల గురించి అడిగినంత గట్టిగా ఆ రెండో మనిషి గురించి అడగాలి.

ప్రైవేటు వాటి సంగతీ చెప్పాలి. అస్సాం, రాజస్థాన్, తెలంగాణ పల్లెల్లో దాదాపు 14,000 మంది పిల్లల్ని నాలుగో ఏటి నుంచి ఎనిమిదో ఏటి దాకా వెంబడించిన అధ్యయనం నివేదిక 2017లో వచ్చింది. అసర్ సెంటరూ, ఢిల్లీ అంబేద్కర్ విశ్వవిద్యాలయమూ చేశాయి. ఐదేళ్ళ వయసులో ఎక్కువమంది పిల్లలు బడికి సిద్ధంగా లేరని తేలింది. ప్రభుత్వ కేంద్రాల్లో నేర్పడమే తక్కువ, ప్రైవేటు వాటిలో ఒకటో తరగతి పాఠాన్నే కిందికి దించి రుద్దడం. వయసుకి తగిన ఆటపాటలున్నచోట మాత్రం పిల్లలు మెరుగ్గా ఉన్నారు. ఫీజు చూసి నాణ్యత కొలవలేం.

నాణ్యత అంటే ఏమిటో అమెరికాలో పాతకాలపు ప్రయోగం ఒకటి బాగా చెబుతుంది. మిచిగన్ రాష్ట్రం ఇప్సిలాంటిలో 1962 నుంచి 1967 వరకూ 123 మంది పేద నల్లజాతి పిల్లల్లో సుమారు సగం మందికి పెర్రీ ప్రీస్కూల్ నడిపారు. రోజుకి రెండున్నర గంటలు. పిల్ల తానేం ఆడాలో తానే నిర్ణయించుకుని, ఆడి, తర్వాత ఆ ఆట గురించి చెప్పాలి. టీచర్ వారానికోసారి ఇంటికి వెళ్ళి తల్లితో కూర్చునేది. మొదట్లో తెలివి పరీక్షల్లో కనిపించిన ఆధిక్యం కొన్నేళ్ళకే కరిగిపోయింది. అంతటితో ఆపేసి ఉంటే ప్రయోగం విఫలమైందనేవాళ్ళు. ఆపలేదు, నలభయ్యో ఏడు దాకా వాళ్ళ వెంట ఉన్నారు. ఆ బడికి వెళ్ళినవాళ్ళలో హైస్కూలు పూర్తి చేసినవాళ్ళు, ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు ఎక్కువ, అరెస్టయినవాళ్ళు తక్కువ. నోబెల్ పొందిన అర్థశాస్త్రవేత్త జేమ్స్ హెక్‌మన్ ఆ లెక్కలన్నీ తిరగేసి, ఆ మేలు నిలిచింది పట్టుదల, ఆత్మనిగ్రహం, నలుగురితో మెలగడం లాంటి గుణాల వల్లే అన్నాడు. దీనికి వ్యతిరేక ఉదాహరణా ఉంది. టెనెసీ రాష్ట్రం నడిపిన ప్రీస్కూళ్ళకి వెళ్ళిన పిల్లలు ఆరో తరగతికి వచ్చేసరికి వెళ్ళనివాళ్ళ కన్నా వెనకబడ్డారని 2022లో తేలింది. కారణాల మీద ఇంకా వాదనలు నడుస్తున్నాయి. చిన్నప్పుడే బడిలో వేస్తే చాలు అన్న నమ్మకం మాత్రం దానితో కూలిపోయింది.

కాబట్టి బాల్వాడైనా, ఫీజు కట్టే నర్సరీ అయినా, గేటు బయట నుంచి ఫోటోలు చూసి రాకండి. లోపల కూర్చోండి. పెద్దవాళ్ళ గొంతు ఎక్కువ వినిపిస్తోందా, పిల్లల గొంతా? టీచర్ కింద కూర్చుంటుందా, నిలబడే ఉంటుందా? ఒక పిల్ల ఏడిస్తే ఎవరైనా పేరుపెట్టి పిలిచారా? ఆట సామాను పిల్లల చేతికి అందేచోట ఉందా, దుమ్ముపట్టి అల్మరా మీద ఉందా? గోడమీది బొమ్మలన్నీ ఒకేలా ఉంటే అవి టీచర్ వేసినవి. వంకరటింకరగా, ఒకటి నీలం ఏనుగు, ఒకటి తోక లేని ఏనుగు ఉంటే, ఆ గదిలో మీ పిల్లని వదలవచ్చు.

ఇంటర్వ్యూకి తర్ఫీదు ఇవ్వకండి

విద్యాహక్కు చట్టం (2009) 13వ సెక్షన్ ప్రకారం, చేర్చుకునేటప్పుడు పిల్లకి గానీ తల్లిదండ్రులకి గానీ పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారికీ 50,000 దాకా జరిమానా. "వాట్ ఈజ్ యువర్ నేమ్" అని రాత్రి పదింటికి పిల్లని నిలబెట్టి వల్లె వేయించేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

టీచర్ పేరు చెప్పి భయపెట్టకండి

"ఉండు, బళ్ళో వేస్తే టీచరమ్మ తోలు తీస్తుంది" అని అన్నం తినని పిల్లతో అనేస్తాం. ఆ మాటతో నెలల పాటు చేసిన తయారీ అంతా పోతుంది. జూన్‌లో గేటు దగ్గర పిల్ల మీ కాళ్ళు పట్టుకుని వేలాడితే, ఆమె మీ మాట నమ్మిందని అర్థం.

ఆగడం, మెత్తగా మసలడం నేర్పాలంటే మన ఊళ్ళో బూచి అక్కర్లేదు. 2005లో తపాలా బిళ్ళ మీదికెక్కిన రాజపాళయం కుక్క ఏ బంధువుల ఇంట్లోనో ఉండే ఉంటుంది. తెల్లటి ఒళ్ళు, గులాబీ ముక్కు. కొత్తవాళ్ళంటే అనుమానం దానికి. దగ్గరికి వెళ్ళే పద్ధతి పిల్లకి చూపించండి: యజమానిని అడగాలి, పరుగెత్తకూడదు, చేతులు కిందికి వదిలి నిలబడాలి, అది వాసన చూసేదాకా ఆగాలి. అది ఒప్పుకోకపోతే వెనక్కి రావాలి. పక్క పిల్ల చేతిలో బొమ్మ కావాలన్నప్పుడూ సరిగ్గా ఇలాగే ఆగాలి. పెద్దవాళ్ళు పక్కన లేకుండా మాత్రం ఏ కుక్క దగ్గరికీ పంపకండి.

పనికి వెళ్తున్నందుకు కుమిలిపోకండి

పిల్లని చూసుకోవాలంటే తల్లి ఉద్యోగం మానాలని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. మిల్లు జీతం మానేస్తే పిల్ల కంచంలో గుడ్డు కూడా మానుతుంది. పనిచోట పిల్లల గది ఉండటం దయాదాక్షిణ్యం కాదు. ఆడవాళ్ళు ఎక్కువమంది పనిచేసే ఫ్యాక్టరీలో ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. యాభైమందో అంతకుమించో ఉద్యోగులున్న ఏ సంస్థలోనైనా ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి చూసుకోవచ్చని 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించారు. ఆ గది ఉంటే ఉయ్యాలా కాపలా మాత్రమేనా, ఎవరైనా పిల్లలతో మాట్లాడుతున్నారా అని అడగండి. లేకపోతే నలుగురు కలిసి అడగండి. పిల్లని అమ్మమ్మకి వదిలి వెళ్తే, ఆమెకి టీవీ రిమోటు బదులు వామనగుంటల పీట అప్పజెప్పండి. షిఫ్టు దిగి వచ్చి అలసిపోయిన తల్లికి పాఠం చెప్పే ఓపిక ఉండదు, చెప్పనక్కర్లేదు. పక్కన పడుకుని ఆరోజు మిల్లులో ఏ మిషను ఎందుకు ఆగిందో చెబితే చాలు, పిల్ల వంద ప్రశ్నలు వేస్తుంది.

మొదటి వారం

దొంగచాటుగా జారుకోమని అందరూ చెబుతారు. "అటు తిరిగినప్పుడు వచ్చెయ్, కాసేపు ఏడ్చి ఊరుకుంటుంది." వద్దు. ఏడిచినా సరే, మొహంలో మొహం పెట్టి "నేను వెళ్తున్నాను, అన్నం తిన్నాక వస్తాను" అని చెప్పి వెళ్ళండి. అన్నం తిన్నాక రండి. ఐదు నిమిషాలు ముందుంటే మంచిదే, ఆలస్యం మాత్రం ఆ వారంలో వద్దు. గంటల లెక్క పిల్లకి తెలియదు, అన్నం తర్వాత అంటే తెలుస్తుంది. ఇంటి నుంచి ఒక చిన్న వస్తువు, మీ జేబురుమాలో పాత చీరముక్కో, ఆమె సంచిలో ఉండనివ్వండి.

ఇంటికి తెచ్చేటప్పుడు "ఇవాళ ఏం నేర్పారు?" అని అడగకండి. ఆ ప్రశ్నకి మూడేళ్ళ పిల్ల దగ్గర జవాబుండదు. "ఏం లేదు" అంటుంది, మీరేమో ఫీజు దండగ అనుకుంటారు. ఎవరి పక్కన కూర్చున్నావు, ఎవరు ఏడ్చారు, వాళ్ళని ఎవరు ఊరుకోబెట్టారు, డబ్బా మూత నువ్వే తీశావా అని అడగండి. తెలుగులో అడగండి. ఆమె తమిళం కలిపి చెబుతుంది, మధ్యలో ఒక ఇంగ్లీషు మాట పడుతుంది. దిద్దకుండా చివరిదాకా వినండి.